బరువు పుస్తకం: ఓ తేలిక కారు యజమాని జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో నా రెండు సీట్ల గుడ్డ టాపు కారు గురించి కొంచెం రాశాను. అందులోంచి ఏ భాగం తీసినా, కొత్తగా ఏది బిగించినా ముందు దాన్ని తూచి, ఆ అంకె ఒక నోటు పుస్తకంలో రాసుకుంటానని చెప్పాను. ఆ ఒక్క మాట పట్టుకుని చాలామంది ఉత్తరాలు రాశారు. ఈసారి పేజీలన్నీ వాటికే.

నా కారు కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. చెప్పబోయేవి ఆ ఒక్క మోడల్‌కే కాదు, ముందు ఇంజన్ ఉండి వెనక చక్రాలు తిరిగే ఏ చిన్న స్పోర్ట్స్ కారుకైనా వర్తిస్తాయి. కారు నా దగ్గరికి వచ్చి 11 ఏళ్లయింది. కాగితాల మీద దాని బరువు 980 కిలోలు, పవరు 115 హార్స్‌పవర్.

ప్రశ్న: ఈమధ్యే పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొన్నాను. పికప్ సరిపోవడం లేదనిపిస్తోంది. టర్బో పెట్టించాలా, లేక ఎయిర్ ఫిల్టరు, సైలెన్సరు మారిస్తే చాలా? ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: ముందు ఏదీ కొనకండి. ఒక నెల కారును ఉన్నదున్నట్టు నడపండి. తక్కువైంది పవరా, రోడ్డు మీద పట్టా, కారు మీద మీకున్న నమ్మకమా అన్నది తేల్చుకోండి. మలుపులో వెనక భాగం ఏం చేస్తుందో తెలియక భయంతో కాలు తీసేస్తుంటే, ఇంకో 50 హార్స్‌పవర్ కలిపినా ఆ మలుపు మీరు త్వరగా దాటలేరు.

నా కారు కొన్న కొత్తలో మలుపు మధ్యలో వెనక భాగం ఒక క్షణం ఆలస్యంగా తిరిగేది, నీళ్ల మీద పడవలాగా. షాక్ అబ్జార్బర్లు పోయాయనుకుని ఖరీదైన సెట్టు ఒకటి చూసి పెట్టుకున్నాను. తీరా కారు ఎత్తి, చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ఊపితే అసలు సంగతి బయటపడింది. సస్పెన్షన్ ఆర్మ్‌ల చివర ఉండే రబ్బరు బుష్‌లు చిట్లిపోయి, ఆర్మ్ తన చోటులోనే ముందుకూ వెనక్కూ కదులుతోంది. మీటరు మీద తిరిగిన దూరం తక్కువే. కానీ రబ్బరుకు కిలోమీటర్లతో పనిలేదు, కారు షెడ్డులో నిలబడి ఉన్నా ఏళ్లు గడిస్తే గట్టిపడి పగులుతుంది. బుష్‌లన్నీ మార్పించాను. షాకులు పాతవే ఉంచాను. ఆ సాయంత్రం నడిపినప్పుడు కలిగిన సంతోషం ఆ తర్వాత బిగించిన ఏ కొత్త వస్తువుతోనూ కలగలేదు.

ఇక్కడ ఒక చిన్న విషయం మీ మెకానిక్‌కు తప్పకుండా చెప్పండి. మామూలు రబ్బరు బుష్‌ల బోల్టులు చివరిసారి బిగించేటప్పుడు కారు తన బరువుతో చక్రాల మీద నిలబడి ఉండాలి. చక్రాలు గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, కారు దించగానే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది. కొన్ని నెలల్లోనే మళ్లీ చిట్లుతుంది.

బుష్‌ల తర్వాత టైర్లు. టైరు పక్క గోడ మీద చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. కార్లు అమ్మేవాళ్లు "టైర్లు కొత్తవే సార్, గాడులు చూడండి" అంటారు. గాడులు నిండుగా ఉండి పదేళ్ల వయసున్న టైరు తడి రోడ్డు మీద ఏమీ పట్టుకోదు. తేలిక కారు తక్కువ తిరుగుతుంది కాబట్టి టైరు అరగకముందే ముసలిదైపోతుంది. గాలి సంగతి కూడా చూసుకోండి. నా కారు తలుపు దగ్గర స్టిక్కరు మీద 26 పీఎస్ఐ అని ఉంది. గాలి పట్టేవాళ్లు అలవాటు కొద్దీ 34 కొడతారు. 980 కిలోల కారుకు 34 పెడితే టైరు మధ్య భాగం మీదే నిలబడుతుంది, చిన్న గతుకుకూ ఎగురుతుంది. డబ్బు ఖర్చు లేకుండా కారును బాగుచేసే పని ఇదొక్కటే.

తర్వాత వీల్ అలైన్‌మెంట్. ఇందులో ఒక్క మాటే చెబుతాను: డ్రైవరు సీట్లో మీ బరువున్న మనిషినో, అంత బరువున్న సంచులనో పెట్టి చేయించండి. రెండు టన్నుల కారులో 70 కిలోలు లెక్కలోకి రావు. మన కారులో అది ఏడు శాతం, అదీ ఒక పక్కనే.

ఇవన్నీ అయ్యాక కూడా పవరు కావాలనిపిస్తే అప్పుడు ఆలోచించండి. బోనెట్ కింద బయటికి తెరిచి పెట్టే కోన్ ఫిల్టరు మోత బాగా పెంచుతుంది. కానీ అది పీల్చేది రేడియేటరు వెనకున్న వేడి గాలి. గాలి సుమారు 3 డిగ్రీలు వేడెక్కితే సాంద్రత ఒక శాతం పడిపోతుంది. కంపెనీ వాళ్లు ముందు నుంచి చల్లగాలి తెచ్చే గొట్టాన్ని పిచ్చికి పెట్టలేదు. దాన్ని అలాగే ఉంచండి.

టర్బో పని చేస్తుంది, అబద్ధం చెప్పను. కానీ టర్బోతో పాటు, అది తోసే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలరు, పైపులు, బరువైన క్లచ్, పెద్ద బ్రేకులు వరసగా వస్తాయి. ఒక స్నేహితుడి కారుకు బిగించే ముందు కిట్టు మొత్తం తూచాం: 27 కిలోలు. దాదాపు అదంతా ముందు చక్రాల మీద పడింది. ఆ కారు తిన్నటి రోడ్డు మీద బాణంలా పోతుంది. మలుపులోకి తిప్పేటప్పుడు మాత్రం మునుపటి చురుకు లేదు. కింద పట్టు సరిచేయకుండా పవరు పెంచడం నేల విడిచి సాము చేయడమే.

ప్రశ్న: నా కారుకు 14 అంగుళాల చక్రాలున్నాయి. చూడటానికి మరీ చిన్నగా ఉన్నాయి. 17 అంగుళాలవి పెట్టిస్తే గ్రిప్ కూడా పెరుగుతుంది కదా?

జవాబు: ఈ తప్పు నేను చేశాను కాబట్టి అంకెలతో చెప్పగలను. బరువు పుస్తకంలో మొదటి పేజీ దీనిదే.

మొదటి ఏడాదే మెరిసే 17 అంగుళాల అల్లాయ్ చక్రాలు కొన్నాను. బిగించిన రోజు కారు చుట్టూ పది సార్లు తిరిగి చూసుకున్నాను. మర్నాడు ఎప్పుడూ వెళ్లే ఘాట్ రోడ్డు మీద నడిపితే అది నా కారులాగే లేదు. గతుకులో స్టీరింగు చేతిలో కొట్టుకుంటోంది. రోడ్డు మీద లారీ చక్రాలు చేసిన గాడి ఎటుంటే కారు అటు లాగుతోంది. మూడో గేరులో లాగే చోట రెండో గేరుకు రావలసి వస్తోంది. పక్క సీట్లో ఉన్న మా చెల్లెలు, "కారులో ఎవరో ఎక్కినట్టుంది" అంది.

ఇంటికొచ్చి పాత చక్రం, కొత్త చక్రం టైర్లతో సహా తూచాం. పాతది 13.1, కొత్తది 19.6. ఒక్కో మూలకు 6.5 కిలోలు, మొత్తం 26. ఈ 26 కిలోలు డిక్కీలో పెట్టిన సామానులాంటివి కావు. ఇవి స్ప్రింగు కింద ఉన్న బరువు. గతుకు తగిలి పైకి లేచిన చక్రాన్ని షాక్ అబ్జార్బరే తిరిగి రోడ్డుకు ఆనించాలి. చక్రం బరువెక్కేకొద్దీ ఆ పని ఆలస్యమవుతుంది, అంతసేపూ టైరుకు రోడ్డు అందదు. పైగా ఇది తిరిగే బరువు. వేగం అందుకునేటప్పుడు ఇంజన్ దాన్ని ముందుకూ తోయాలి, గిర్రున తిప్పనూ తిప్పాలి. చక్రం అంచున ఉన్న ఒక కిలో దాదాపు రెండు కిలోల లెక్క. పెద్ద చక్రంలో ఆ అంచు ఇంకా దూరంగా ఉంటుంది.

ఇక గ్రిప్ మాట. వెడల్పాటి టైరు పనిచేయాలంటే వేడెక్కాలి, దాన్ని వేడెక్కించేది కారు బరువే. తేలిక కారు మీద మరీ వెడల్పాటి టైరు చలిలో, తడిలో చల్లగానే ఉండిపోతుంది. నిలిచిన నీళ్ల మీద తేలడమూ ముందే మొదలవుతుంది. నాలుగు నెలలు భరించి ఆ చక్రాలు అమ్మేశాను. ఇప్పుడున్నవి 15 అంగుళాలవి, తేలికవి, టైరుతో కలిపి 12.4 కిలోలు. టైరు వెడల్పు 195. అంతకంటే పెద్దది నా కారుకు నేను పెట్టను.

ఒకవేళ మీరు కొనేటట్టయితే వ్యాసంతో పాటు ఆఫ్‌సెట్ అంకె కూడా చూడండి, చక్రం ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటుందో చెప్పేది అదే. చక్రం బయటికి పొడుచుకొచ్చేకొద్దీ స్టీరింగు బరువెక్కుతుంది, బేరింగు మీద భారం పెరుగుతుంది. ఫొటోల్లో బాగుంటుందని బయటికి లాగిన చక్రాలు కారు స్వభావాన్నే మార్చేస్తాయి.

ప్రశ్న: స్ప్రింగులు మార్పించి కారును 40 మిల్లీమీటర్లు కిందికి దించాను. అప్పటి నుంచి మలుపులో గతుకు తగిలితే కారు పక్కకు దూకుతోంది. గట్టి స్ప్రింగులు వేయాలా?

జవాబు: ఇది కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. మీ సస్పెన్షన్‌కు కిందికి వెళ్లడానికి చోటు అయిపోయింది. షాక్ అబ్జార్బరు కడ్డీ మీద బంప్ స్టాప్ అనే రబ్బరు ముక్క ఉంటుంది. కారు దించినప్పుడు ఆ రబ్బరుకూ షాక్ ఒంటికీ మధ్య దూరం తగ్గిపోయింది. మలుపులో కారు ఒరగగానే బయటి వైపు షాక్ వెళ్లి దాని మీద కూర్చుంటుంది. ఆ క్షణం నుంచి మీకు స్ప్రింగు లేదు, రబ్బరు మొద్దే ఉంది. ఆ స్థితిలో గతుకు తగిలితే కారు దూకకుండా ఏం చేస్తుంది?

పరీక్ష సులువు. షాక్ కడ్డీకి ఒక ప్లాస్టిక్ జిప్ టై కట్టి, షాక్ ఒంటిని ఆనేదాకా జరపండి. ఎప్పుడూ తిరిగే రోడ్డులో ఒకసారి తిరిగి రండి. జిప్ టై ఎక్కడిదాకా జరిగిందో చూస్తే ఎంత చోటు మిగిలిందో తెలుస్తుంది. బంప్ స్టాప్‌కు తగిలి ఉంటే కారును మళ్లీ 20 మిల్లీమీటర్లు లేపండి. తేలిక కారుకు మెత్తటి స్ప్రింగు, నిండా కదలడానికి చోటు, మంచి షాకు ఉండాలి. బరువే తక్కువైనప్పుడు గట్టి స్ప్రింగు ఎవరిని మోయడానికి?

ప్రశ్న: నా కారులోంచి బరువు తగ్గించాలని ఉంది. ఏసీ, కార్పెట్లు, స్టెప్నీ, తలుపుల్లో ఇనుప కడ్డీలు తీసేయవచ్చా?

జవాబు: తలుపుల్లోని కడ్డీల జోలికి, బంపర్ల వెనక ఉండే దూలాల జోలికి వెళ్లకండి. ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ కూడా అంతే. చిన్న కారును పెద్ద కారు గుద్దితే నష్టపోయేది చిన్న కారే. మిమ్మల్ని కాపాడేవి ఆ కొద్ది కిలోలే. గాజు మీద మంచు పొర తుడిచే హీటరునూ తీయకండి, వానలో ముందేముందో కనిపించాలి.

తీయదగ్గవి చెబుతాను. ముందు, ఇంతకు ముందు యజమాని పెట్టినవి. నా కారు డిక్కీలో ఆంప్లిఫయరు, స్పీకర్ల పెట్టె కలిపి 11.5 కిలోలు దొరికాయి. డాష్‌బోర్డు కింద ఎప్పుడో చచ్చిపోయిన అలారం తీగలు, దేనికీ తగిలించని ఇతర తీగలు 1.6 కిలోలు. అవి తీశాక ఎలక్ట్రికల్ రిపేర్లు కూడా సులువయ్యాయి. తర్వాత బ్యాటరీ. మామూలు సీసం బ్యాటరీ 13.4 కిలోలుంటే, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 3.9 కిలోలే. ఒక్క దెబ్బకు 9.5. అయితే ఈ రకం బ్యాటరీని సున్నా డిగ్రీల కంటే చలిలో చార్జి చేస్తే పాడవుతుంది. మంచు కురిసే చోట ఉంటే సీసందే మేలు. కారు చార్జింగు వోల్టేజి దానికి సరిపోతుందో లేదో ముందు కొలిపించుకోవాలి కూడా.

స్టెప్నీ, జాక్ కలిపి నా కారులో 15 కిలోలు. దగ్గరి ప్రయాణాలకు తీసి, 2.1 కిలోల గాలి పంపు, పంక్చరు మందు పెట్టుకుంటాను. దూరం వెళ్లేటప్పుడు స్టెప్నీ తిరిగి లోపలికి వస్తుంది. టైరు పక్క గోడ చిరిగితే ఏ మందూ పనిచేయదు. ఏసీ మీ ఇష్టం, నేను తీయలేదు. చెమటతో చికాకుగా నడిపితే ఎన్ని కిలోలు తగ్గినా దండగే. కార్పెట్ల కింద అతికించిన తారు షీట్లు గీకి తీసేవాళ్లున్నారు. రెండు రోజుల చాకిరీ చేస్తే వచ్చేది కొద్ది కిలోలు, పోయేది ప్రశాంతత.

ఒక లెక్క కూడా చెప్పాలి. డ్రైవరుతో కలిపి 1,050 కిలోల కారుకు 115 హార్స్‌పవర్ ఉంటే, 10 హార్స్‌పవర్ పెంచినంత పికప్ రావడానికి 84 కిలోలు తగ్గించాలి. యజమానిగా మన చేతిలో అంత లేదు. నిజమైన బరువు డిజైన్ బల్ల మీదే తగ్గుతుంది. లోటస్ ఎలిస్ అనే చిన్న బ్రిటిష్ స్పోర్ట్స్ కారు 1996లో వచ్చినప్పుడు దాని చాసిస్ బరువు 68 కిలోలే. అల్యూమినియం పట్టీలను వెల్డింగు చేయకుండా ప్రత్యేకమైన జిగురుతో అతికించారు. కారు మొత్తం 725 కిలోల దగ్గర ఆగింది. అలాంటి పని ఇంటి షెడ్డులో జరగదు. కాబట్టి "ఎంత తీశాను" అనేదాని కంటే "ఎక్కడి నుంచి తీశాను" అనేది చూసుకోండి. చక్రాల నుంచి, కారు రెండు చివర్ల నుంచి, ఎత్తులో ఉన్నచోటు నుంచి తీసిన కిలో ఎక్కువ విలువైనది.

ప్రశ్న: కొండ దిగేటప్పుడు బ్రేకు పెడల్ మెత్తబడి కిందిదాకా వెళ్లిపోయింది. చాలా భయమేసింది. పెద్ద డిస్కులు పెట్టించాలా?

జవాబు: ఈ ఉత్తరానికి పత్రిక వచ్చేదాకా ఆగకుండా ముందే విడిగా జవాబు పంపాను. ఇంకెవరికైనా జరగకూడదని ఇక్కడా రాస్తున్నాను.

పెడల్ మెత్తబడితే తప్పు ఫ్లూయిడ్‌ది, డిస్కుది కాదు. బ్రేకు ఫ్లూయిడ్ గాల్లో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. కొండ దిగుతూ బ్రేకు మీద కాలు ఆనించే ఉంచితే ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపరు దగ్గర అంత వేడి పుడుతుంది. మరిగిన చోట ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవం నొక్కుడుకు లొంగదు, ఆవిరి లొంగుతుంది. అందుకే పెడల్ కిందికి జారిపోయింది.

ఎంత వేడి అంటారా? 1,050 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారి ఆగితే పుట్టే వేడి, లీటరు నీళ్లను మామూలు చల్లదనం నుంచి మరిగించడానికి సరిపోయి ఇంకా మిగులుతుంది. అదీ నాలుగైదు సెకన్లలో. ఇంత తేలిక కారుకే ఇలా ఉంటే బరువైనవాటి సంగతి ఊహించండి.

మీరు చేయవలసింది ఇంతే. ఫ్లూయిడ్ మొత్తం తీసి కొత్త డాట్ 4 గానీ, డాట్ 5.1 గానీ పోయించండి, ఇక మీద రెండేళ్లకోసారి మార్చండి. డాట్ 5 అని విడిగా సిలికాన్ రకం ఒకటి ఉంది. పేరు దగ్గరగా ఉందని దాన్ని పొరపాటున పోయకండి, మిగతావాటితో కలవదు. రబ్బరు బ్రేకు గొట్టాలు పాతబడితే మార్చేయండి. కొండ దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగండి, ఇంజనే సగం పని చేస్తుంది. బ్రేకు గట్టిగా కొట్టి వదలండి, ఆనించి ఉంచకండి.

పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే అది వేరే జబ్బు. అప్పుడు ప్యాడ్లు వేడికి పట్టు వదిలాయి. దానికి మంచి ప్యాడ్లు చాలు. తేలిక కారుకు పెద్ద డిస్కులు దాదాపు ఎప్పుడూ అవసరం రావు, అవి మళ్లీ స్ప్రింగు కింది బరువు.

ప్రశ్న: నా ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు. గుడ్డ టాపు వేస్తే తల తగులుతోంది, తీస్తే గాలి నుదుటికి కొడుతోంది. కారు అమ్మేయాలా?

జవాబు: అమ్మకండి. ముందు సీటు కుషనులో చూడండి. చాలా పాత సీట్లలో నురుగు అవసరానికి మించి ఉంటుంది. కవరు విప్పి, కూర్చునే చోట వెనక భాగంలో 25 మిల్లీమీటర్లు కోయించండి. తొడల కింద ముందు భాగాన్ని వదిలేయండి, లేకపోతే దూర ప్రయాణంలో నడుము పడుతుంది. నేను పొడుగు కాకపోయినా ఇదే చేశాను. కన్ను కిందికి దిగితే కారు ఒంట్లో కూర్చున్నట్టుంటుంది, దాని మీద కూర్చున్నట్టుండదు. సీటులో ఎయిర్‌బ్యాగో, మనిషి కూర్చున్నాడని కనిపెట్టే సెన్సారో ఉంటే మాత్రం తెలిసినవాళ్ల చేతే చేయించండి.

మీ ఎత్తుకు ఇంకో పరీక్ష అవసరం. టాపు తీసి, మామూలుగా కూర్చుని, ముందు అద్దం ఫ్రేము పైనుంచి వెనక రోల్ బార్ (కారు తిరగబడితే తలను కాపాడే ఇనుప కమాను) పైదాకా ఒక చీపురు కర్ర పెట్టమనండి. మీ తల ఆ కర్రకు కనీసం 5 సెంటీమీటర్లు కింద ఉండాలి. కర్రను తాకితే, కారు తిరగబడిన రోజు మొదట నేలను తాకేది మీ తలే. నా కారుకు 11.8 కిలోల రోల్ బార్ బిగించాను. పుస్తకంలో పెరిగిన బరువుల్లో అతి పెద్దది అదే, దాని గురించి ఒక్కరోజూ బాధపడలేదు. కానీ రేసు కార్లలాగా తల చుట్టూ కడ్డీల పంజరం మాత్రం రోడ్డు కారుకు వద్దు. అది హెల్మెట్ పెట్టుకునేవాళ్ల కోసం. ఉత్త తల చిన్న ప్రమాదంలో ఇనుప కడ్డీకి కొట్టుకున్నా ప్రాణాపాయమే.

ప్రశ్న: వాన పడితే సీటు వెనక కార్పెట్ తడుస్తోంది. టాపు గుడ్డ ఎక్కడా చిరగలేదు.

జవాబు: గుడ్డ టాపు మీద పడిన నీళ్లు పోవడానికి సీట్ల వెనక రెండు పక్కలా సన్నటి గొట్టాలుంటాయి. ఆకులు, దుమ్ము చేరి అవి మూసుకుంటాయి. మెత్తటి బ్రష్షుతోనో, వంగే ప్లాస్టిక్ తీగతోనో నిదానంగా శుభ్రం చేసి, చెంబుడు నీళ్లు పోసి కింద కారుతున్నాయో లేదో చూడండి. ఇనుప కడ్డీ దూర్చకండి, గొట్టం చిల్లు పడితే నీళ్లు తలుపుల కింది డబ్బాలోకి పోయి లోపలి నుంచి తుప్పు తింటాయి. ఈ వారమే చేయండి. చిన్న కార్లు చచ్చేది ఎక్కువగా ఇంజన్ పోయి కాదు, ఈ తుప్పుతోనే.

ప్రశ్న: తయారు చేసేవాళ్లు మీ మాట వింటారనుకుందాం. యజమానిగా ఏం మార్చమంటారు?

జవాబు: ఈ ప్రశ్న ఒక పాఠకురాలు అడిగారు. నేను ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన ప్రశ్న ఇది.

మొదట, మనిషి కూర్చునే చోటు. స్టీరింగు పైకీ కిందికే కాదు, దగ్గరికీ దూరానికీ జరగాలి. కాళ్లు పొడుగున్నవాళ్లు సీటు వెనక్కి జరిపితే చేతులు చాచి నడపాల్సి వస్తుంది. మాజ్దా కంపెనీ రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఎంఎక్స్-5ను 1989లో ప్రపంచానికి చూపించారు. స్టీరింగు ముందుకూ వెనక్కూ జరిగే ఏర్పాటు దానికి వచ్చింది 2018 మార్పుల్లో. దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది! ఆ ఏర్పాటు బరువు చాలా తక్కువ. దాని వల్ల కారు సరిపోయే మనుషుల సంఖ్య మాత్రం ఎంతో పెరుగుతుంది. అదే కంపెనీని ఒకందుకు మెచ్చుకోవాలి కూడా. 2015లో వచ్చిన నాలుగో తరం కారును అంతకు ముందు దానికంటే దాదాపు 100 కిలోలు తగ్గించారు. ప్రతి కొత్త మోడల్ లావెక్కాలని రాసిపెట్టి లేదని అది రుజువు చేసింది.

రెండోది, చక్రాల పరిమాణం పెంచడం ఆపండి. షోరూములో బాగుంటుందని 17 అంగుళాలవి పెట్టి, ఆ కుదుపు తగ్గించడానికి మళ్లీ సస్పెన్షన్‌తో కుస్తీ పట్టడం ఎందుకు? 15 అంగుళాల చక్రం లోపల పట్టే బ్రేకు ఇలాంటి కారును ఎన్నిసార్లయినా ఆపగలదు.

ఒక చక్రం ఉత్తినే తిరగకుండా రెండింటికీ పవరు అందేలా చూసే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్‌ను ఖరీదైన మోడల్‌కే కట్టిపెట్టవద్దు. తోలు సీట్లు, పెద్ద స్పీకర్లు వద్దనుకుని అదొక్కటే కావాలనుకునేవాళ్లు ఉన్నారు. మలుపు నుంచి బయటికొచ్చేటప్పుడు లోపలి చక్రం ఉత్తినే తిరిగి పవరు వృథా అవుతుంటే ఎంత కష్టంగా ఉంటుందో నడిపేవాళ్లకే తెలుసు.

ఆయిల్ ప్రెషరు ముల్లు నిజంగా కదలాలి. ఇంజన్ తిరిగినంతసేపూ మధ్యలో అతుక్కుని కూర్చునే ముల్లు ఉండీ లేనట్టే. టాపు నీళ్ల గొట్టాలు చేతికి అందే చోట, మూత తీస్తే కనిపించేలా పెట్టండి. గంటకు 100 దాటాక గుడ్డ టాపు కింద మోత తగ్గాలంటే పై గేరు ఇంకొంచెం పొడుగ్గా, అంటే అదే వేగానికి ఇంజన్ తక్కువ తిరిగేలా ఉండాలి.

ఇంకొకటి మనసులో ఉంది. విడిభాగాల పట్టికలో ప్రతి భాగం పక్కన దాని బరువు అచ్చు వేయండి. మీ దగ్గర ఆ అంకె ఎలాగూ ఉంటుంది. అది మా చేతికి వస్తే, మేం ఏది కొనాలన్నా ముందు దాన్నే చూస్తాం.

ప్రశ్న: ఎలక్ట్రిక్ స్పోర్ట్స్ కారు తేలిగ్గా ఉండగలదా?

జవాబు: ఇప్పటికి కష్టమే. 2008లో వచ్చిన మొదటి టెస్లా రోడ్‌స్టర్‌ను లోటస్ ఎలిస్ ఆధారంగానే చేశారు. అందులో బ్యాటరీ ఒక్కటే సుమారు 450 కిలోలు, కారు 1,300 దగ్గరికి చేరింది. బ్యాటరీ బరువు తగ్గేకొద్దీ ఈ జవాబు మారుతుంది. మారాలని నేనూ కోరుకుంటున్నాను.

ప్రశ్న: ఇంత తూచి తూచి 11 ఏళ్లలో మీ కారు మొత్తం ఎంత తగ్గింది?

జవాబు: తగ్గినవి 31.3 కిలోలు. ఆంప్లిఫయరు పెట్టె, తీగలు, బ్యాటరీ, చక్రాలు, సీటులో కోసిన 400 గ్రాముల నురుగు, పోయిన నెల మార్చిన సైలెన్సరు కలిపి. పెరిగినవి 18. అందులో రోల్ బార్ 11.8, కారు అడుగున ఒళ్లు వణక్కుండా బిగించిన రెండు కడ్డీలు 6.2. నికరంగా 13.3 కిలోలు. స్టెప్నీ లెక్క ఇందులో కలపలేదు, అది వస్తూ పోతూ ఉంటుంది.

ఆ సైలెన్సరు పాతది 14.6, కొత్తది 9.1. కారు చివరి అంచు నుంచి 5.5 కిలోలు పోయాయని చాలా సంతోషపడ్డాను. కానీ రెండు గంటల ప్రయాణం తర్వాత మా చెల్లెలు దిగి, తల నొస్తోందని వెళ్లి పడుకుంది. తను పక్కన లేకుండా ఈ కారులో దూరం వెళ్లడం నాకిష్టం లేదు. పాతది షెడ్డులోనే ఉంది, ఈ ఆదివారం తిరిగి బిగిస్తాను. పుస్తకంలో నికరం 7.8 అవుతుంది.